ఊడిన పన్ను పక్కన

ఏవండీ, సాయంత్రం పాప నోరు ఎంత తెరుచుకుంటుందో మళ్ళీ కొలవండి. స్కేలు అబద్ధం చెప్పదని రాత్రి అత్తయ్యగారి ముందు నన్ను దెప్పారు గదా, పొద్దున నేనూ కొలిచాను. నిన్న దాని పై ముందు పన్ను ఊడింది. మీరు ఆ ఖాళీలో చిగురు దాకా స్కేలు పెట్టి, బిగుసుకున్న దవడ నయమైపోయిందని గంతులేశారు. ఊడిన పన్ను పక్కదాని అంచు నుంచి కింది పన్ను అంచు దాకా చూస్తే, పోయిన వారం కన్నా మూడు మిల్లీమీటర్లు తగ్గింది. బుగ్గలు లాగి తెరిపించకండి. అన్నం మెత్తగా కలిపి చిన్న చెంచాతోనే పెట్టండి.

"నొప్పిగానే ఉందమ్మా. నాన్న అంత సంబరపడుతుంటే ఎలా చెప్పను?" అంది పాప, పొద్దున కొలుస్తుంటే. అప్పట్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయాను. ఈ చీటీ రాస్తుంటే మీరు మాత్రం ఇంకా హాయిగా గురక పెడుతున్నారు.

ఇంకో మాట. దవడ కీలులో వేయాలన్న ఆ ఇంజెక్షన్‌కి ఒప్పుకుంటున్నామని డాక్టరుగారికి ఫోన్‌ చేసి చెప్పేశాను. ఎల్లుండి పొద్దున్నే రమ్మన్నారు. అత్తయ్యగారికీ, మరిదికీ మీరే చెప్పండి. పాపకి నేను చెప్పాను. మత్తు ఇచ్చేటప్పుడు చేయి పట్టుకోవడానికి మీరే కావాలట.