పసుపెక్కిన ఆరోగ్యవంతుడు

బుధవారం రాత్రి, బెడోక్

ఓ మానవజాతీ, నన్ను క్షమించు. ఈ రోజు విజ్ఞానశాస్త్రానికి నా వల్ల జరగబోయిన ఘోరం రాయడానికి చెయ్యి వణుకుతోంది. (వణకట్లేదు. ఆవలింత వస్తోందంతే.)

బురదలో బతికే ఒక బ్యాక్టీరియా పైపొర ప్రొటీన్‌ని విమలా ఆంటీ నెలల తరబడి మా ల్యాబ్‌లో తయారు చేశారు. ఆ బ్యాక్టీరియా వల్ల ఎప్పుడైనా జ్వరం వచ్చినవాళ్ల రక్తం తగిలితే పసుపు రంగు రావాలి, ఆరోగ్యవంతుల రక్తానికి రాకూడదు. ఈ రోజు ఒక ఆరోగ్యవంతుడి రక్తం పసుపుకొమ్ములా తేలింది.

"ఐయో, ప్రొటీన్ పాడు లా! అంతా పారేసి మొదట్నించి చెయ్యాల," అంటూ, ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించే ఆంటీ స్టూలు మీద కూలబడ్డారు.

ప్రొటీన్ మీద నాకు అనుమానమే లేదు. అనుమానమంతా ఆ రక్తం మీద. ఎందుకంటే అది నాది.

"ఆగండాంటీ! పోయినేడు అమలాపురంలో మామయ్య వరిచేలో దిగి, పెద్ద జ్వరంతో మంచం పట్టాను."

"ముందే చెప్పొద్దారా, గాడిదా!"

మరికొందరు ఆరోగ్యవంతుల రక్తంతో మళ్లీ చూశాం. ఒక్కటీ రంగు మారలేదు. ప్రొటీన్ బంగారం! ఆ బ్యాక్టీరియా ఇంకా ఒంట్లో నక్కి ఉందేమోనని రేపు ఆంటీ నన్ను డాక్టర్ దగ్గరికి లాక్కెళతారట. ఏమీ ఉండదు, గుండ్రాయిలా ఉన్నాను. అయినా...

ఆంటీకి చెప్పనిది ఇంకొకటి ఉంది. రక్తం తీసే ముందు నర్సు అడిగింది, ఈ మధ్య పెద్ద జ్వరమేమైనా వచ్చిందా అని. ఆరోగ్యవంతులకు చికెన్ రైస్ కూపన్ ఇస్తారని అప్పటికే తెలుసు. "జ్వరమా? నాకా?" అని నవ్వి చెయ్యి చాపాను.