ఈస్టరు దాకా ఒకే కార్ట్రిడ్జ్

ఫిబ్రవరి 18, బుధవారం
భస్మ బుధవారం. ఈస్టరు దాకా నలభై రోజులు ఏదో ఒకటి మానుకోమన్నారు పాస్టరుగారు. మా ఆవిడ సంతోషకుమారి టీ మానేసింది. నేను ఇంకు వృథా మానేస్తున్నాను! పర్చూరులో మా సంఘానికి సెక్రటరీని. ఆదివారం పాటల కాగితాలు మా ఇంటి ప్రింటరులోనే వేస్తాను. ఒక్క జనవరిలోనే రెండు కార్ట్రిడ్జ్‌లు తాగేసింది. ఇవాళ కొత్తది పెట్టాను. ఈస్టరు దాకా ఇదే. పూల బార్డరు ఉండదు. చిన్న అక్షరాలు. తక్కువ ఇంకు పట్టే డ్రాఫ్ట్ మోడ్.

ఫిబ్రవరి 21, శనివారం, ఉ. 10.00
నాలుగు పాటలు ఒకే పేజీలో పట్టించాను! లేత బూడిద రంగు. హుందాగా ఉంది.
"ఇవి అక్షరాలా, చీమలా?" అంది సంతోషకుమారి.
టీ లేక చిరాకు.

ఫిబ్రవరి 22, ఆదివారం
రెండో చరణం దగ్గర వెనక వరసలు ఆగిపోయాయి. మూడో చరణానికి ముందు వరసలు. అందరూ కళ్లు మూసుకుని గుర్తున్నంత పాడారు. సంఘంలో భక్తి పెరిగిందని పాస్టరుగారు సంతోషించారు. నేను మిగిలిన కాగితాలు సంచిలో దాచేశాను.
బయట నా చిన్ననాటి స్నేహితుడు ప్రేమదాసు పట్టుకున్నాడు. "ఏరా ఇమ్మానియేలూ, ఇది పాటల కాగితమా, మాత్రల అట్ట వెనక రాతా?"
వాడికి పొదుపంటే ఏనాడూ తెలియదు.

మార్చి 3, మంగళవారం
ఇంకు అయిపోవచ్చిందని ప్రింటరు చూపిస్తోంది. కార్ట్రిడ్జ్ ఊపితే వస్తుందని వీడియోలో చెప్పారు. ఊపాను. ఆరు పేజీలు! మళ్లీ ఊపాను. ఇంకు చిమ్మి చొక్కా పోయింది.
సా. 5.00. సీసా ఇంకు, సిరంజి కొన్నాను. కొత్త కార్ట్రిడ్జ్ కాదు కనుక తీర్మానం చెడలేదు.

మార్చి 5, గురువారం
మిరప కోతలకు వెళ్లే సుబ్బరావమ్మ వచ్చింది. భర్త చెంచయ్య పోయిన నెల కన్నుమూశాడు. ఎల్లుండి జ్ఞాపకార్థ కూడిక. ఫోటోతో నలభై కాగితాలు కావాలి. ఫోన్లో చూపించింది. కల్లంలో ఎర్రటి కాయల పక్కన తువ్వాలుతో నిలబడి నవ్వుతున్నాడు.
"నవ్విన ఫోటో ఇదొక్కటేనండీ. రంగుల్లో వస్తదాండీ?"
నలుపులోనే హుందాగా ఉంటుందన్నాను.

మార్చి 6, శుక్రవారం
సిరంజితో నింపాను. చెంచయ్య మొహం మీద అడ్డంగా తెల్ల గీతలు. ప్రింటరులో ఇంకు రంధ్రాలు శుభ్రం చేసే హెడ్ క్లీనింగ్ నొక్కాను. ఐదుసార్లు. క్లీనింగే సగం ఇంకు తాగింది. మిగిలినదాంతో డ్రాఫ్ట్‌లో నలభై లాగాను.
తువ్వాలు బాగానే వచ్చింది.

మార్చి 7, శనివారం
కూడికలో సుబ్బరావమ్మ కాగితాన్ని దూరంగా పట్టుకుంది. దగ్గరగా పట్టుకుంది.
"ఈయన మా ఆయనేనాండీ?"
ఎవరూ నవ్వలేదు. ప్రేమదాసు కూడా.
చివరికి ఆవిడే నాకు ధైర్యం చెప్పింది. "పర్లేదులెండి. పేరు రాసుందిగా."
ఆ తర్వాత ప్రార్థన నాకు వినబడలేదు.
మ. 1.30. అన్నం తినకుండా అద్దంకి బస్సెక్కాను. కార్ట్రిడ్జ్‌లు: నలుపు ఒకటి, రంగులది ఒకటి.
సా. 4.30. బెస్ట్ క్వాలిటీ. నలభై కాపీలు. ఒక్కోటీ నిదానంగా వచ్చింది. ముందు కాయల ఎరుపు, తర్వాత మనిషి.
సా. 6.15. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. సుబ్బరావమ్మ చేతులు చీరకు తుడుచుకుని, ఫోటోలో పెదవులను వేలితో తడిమింది.
"నవ్వుతున్నాడు," అంది.

మార్చి 9, సోమవారం
ఉ. 7.00. గుమ్మం ముందు ఐదుగురు. అందరి చేతుల్లో ఫోన్లు.
"మా అమ్మది కూడా, సెక్రటరీగారూ."
"మా అన్నది."
కాదనలేకపోయాను. ప్రేమదాసు వాళ్ల నాన్నది పెద్ద సైజులో వేయించుకున్నాడు.
సా. 4.00. రంగులది ఖాళీ.

మార్చి 10, మంగళవారం
ఇంకో రంగుల కార్ట్రిడ్జ్ తెచ్చాను. ఇవాళ్టి నుంచి మళ్లీ పొదుపు. ఈసారి గట్టిగా! ఈస్టరు దాకా ఇదొక్కటే.
పోయినవాళ్ల ఫోటోలకు ఈ తీర్మానం వర్తించదు.