సెలవివ్వని మేనేజరు

అక్కా,

ముందుగా సకల లోకాల సాక్షిగా నా క్షమాపణలు స్వీకరించు. నువ్వు నంద్యాలలో నన్ను ఒంటరిగా బస్సెక్కించి పంపితే, రెండేళ్లయినా కన్నడం నేర్చుకోనందుకు, సాంబారులో బెల్లం వేస్తారని బెంగళూరు హోటళ్లన్నిటినీ శపించినందుకు, నీ ఆవకాయ జాడీని రూమ్మేట్ల పాలు చేసినందుకు ఈ దీనుణ్ణి మన్నించు.

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజే ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఆఫీసులో చేరాను. మెడలో ఫొటో కార్డు వేశారు. అందులో నేను అప్పుడే పట్టుబడిన దొంగలా ఉన్నాను. నువ్వుంటే పడీపడీ నవ్వి, ఆ తర్వాత వీధంతా చూపించేదానివి. ఎవరికి చెప్పాలో తోచక ఎస్టీడీ బూత్ దాకా వెళ్లి తిరిగొచ్చాను.

మేనేజరు ఈ ఊళ్లోనే పుట్టిన తెలుగాయన. కొత్తవాళ్లందరినీ కూర్చోబెట్టి, "ఇంట్లో ఎవరికన్నా బాగలేదంటే నన్ను అడగొద్దప్పా. ముందు బస్సెక్కు. ఫోను దారిలో చేస్తువు" అన్నాడు. అందరూ తలూపారు. నేను బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, కాసేపు అక్కడే నిలబడ్డాను.

నిరుడు ఆసుపత్రి నుంచి నువ్వు ఫోన్ చేసి, "ఒకసారి వచ్చిపోరా, నిన్ను చూడాలని ఉండాది" అన్నప్పుడు, మా మేనేజరు సెలవివ్వడం లేదన్నాను.

"వాని చేతులు పడిపోను! పోనీలే, ఉద్యోగం పోగొట్టుకోవాకు" అన్నావు. పోయేదాకా వాణ్ణే తిట్టావట, బావ చెప్పాడు.

అక్కా, ఆ మేనేజరు లేడు. అప్పటికి నాకు ఉద్యోగమే రాలేదు. ఒట్టి చేతులతో నీ ముందు నిలబడలేక, ఇక్కడే హెబ్బగోడి రూములో పడుకున్నాను.