అరచేతి ఎత్తు

మోంటానా
మే 3

చెల్లీ ఇంగా,

నువ్వు పంపిన హకిల్‌బెర్రీ జామ్ రెండు రోజుల్లో ఊడ్చేశాను. డాక్టరుకు చెప్పకు.

ఇక నీ పిస్తోలు సంగతి. "ఆర్విడ్ ఉన్నన్నాళ్లూ బాగానే పేలింది. ఆయన పోయాక నా మాట వినడం లేదు. షూటింగ్ క్లబ్బులో వాళ్లు చేసుకున్నట్టు పిడి వెనక మీట ఎప్పుడూ నొక్కే ఉండేలా పిన్ను కొట్టి బిగించెయ్ అన్నయ్యా" అని రాశావు. ఆ పని నేను చచ్చినా చెయ్యను. అరచెయ్యి నొక్కితేనే పేలాలి, చెయ్యి జారితే ఊరుకోవాలి. ఆ మీట ఉన్నదే అందుకు. నీ చిన్న చేతికి అందేలా, వీపున బుడిపె ఉన్న కొత్త మీట తెప్పించాను.

అది అమర్చబోయి పాతది విప్పితే, దాని వీపున నల్లరంగు పూసిన తోలుముక్క అంటించి ఉంది, మధ్యలో కాగితంలా అరిగిపోయి. కింద పాత జిగురు పొరలు. ఏటా పోటీల ముందు "నూనె వేస్తా, ఇలా తే" అని ఆర్విడ్ బావ నీ పిస్తోలు పట్టుకెళ్లేవాడు, గుర్తుందా? నీ పట్టు తగ్గుతోందని నీకంటే ముందే కనిపెట్టి, నీకు చెప్పకుండా ఏటా తోలు మార్చాడు.

కొత్త మీట కూర్చునేలా పిస్తోలు చట్రాన్ని ఆకురాయితో గుండ్రంగా అరగదీశాను. బుడిపె ఎత్తు మాత్రం నేను నిర్ణయించలేదు. అరగని అంచు దగ్గర బావ తోలు ఎంత మందముందో, అంతే ఉంచాను.

ఈ ఇనుము అరగదు. శనివారం క్లబ్బులో నొక్కాలని తంటాలు పడకు. బావ చేతిలో చెయ్యి వేసినట్టు పట్టుకో, చాలు.

అన్నయ్య