ఇనూసిక్‌ను తిన్న ఎలుగును తీయించుట గురించి

ఉత్తర మండల పార్కుల ఉన్నతాధికారి గారి సముఖమునకు, బాఫిన్ దీవి కంగిక్‌సుక్ ఊరి పార్కు బోధకురాలు ఊలీపా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పార్కు సందర్శకుల స్వాగత మందిరపు వాకిట నిలబెట్టిన తెల్ల ఎలుగుబంటిని తక్షణమే తొలగించుట గురించి.

తమరికి మనవి చేసుకొనునది ఏమనగా, నేను పొద్దున్నే మందిరం ముందు పేరుకున్న మంచును పారతో ఎత్తిపోసి, కొండలు ఎక్కుటకు వచ్చిన వారికి ఎలుగు ఎదురైతే ఎలా మసలుకోవాలో చెప్పి, పిమ్మట బడికి పోయి పిల్లలకు మంచు గురించీ జంతువుల గురించీ బోధించుచున్నాను. ఈ పనులపై నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా ఎలుగు మీదనే.

1. సదరు ఎలుగు నా తమ్ముడు ఇనూసిక్‌ను తిన్న ఎలుగు. సముద్రపు సీలు జంతువుల వేటకు వెళ్లినవాడిని మంచు మీద పట్టుకున్నది. దానిని కాల్చింది మా ఊరివాళ్లే. ఎలుగు కళేబరాన్ని కోసి పరీక్షించాలని తమ శాఖవారు విమానంలో దక్షిణాదికి తీసుకుపోయినారు. మేము మంచు మీద దొరికిన వాడి తోలు బూటు ఒకటి పాతిపెట్టుకున్నాము. కొన్నేళ్ల తరువాత శాఖవారు ఆ ఎలుగు తోలులో ఏదో కూరి, వెనుక కాళ్ల మీద నిలబెట్టి, నోరు తెరిపించి మా ఊరికే బహుమానంగా పంపినారు.

2. దాని బొచ్చు రోజూ దువ్వుట, గాజు కళ్లు తుడుచుట నా విధులలో చేర్చబడినవి. దువ్వుచున్నాను. క్రిస్మసుకు దాని నెత్తిన ఎర్ర టోపీ పెట్టమన్నారు. పెట్టితిని. మా పెద్దలు ఎలుగును ఎగతాళి చేయరు, అది వింటుందని వారి భయం.

3. దాని పక్కన నిలబడి నా తమ్ముడి చావు సంగతి సందర్శకులకు చెప్పవలెనని మా పర్యవేక్షకులు శ్రీ డెల్‌బర్ట్ గారు ఉత్తర్వు ఇచ్చినారు. ఓడ దిగినవారు కాఫీ కప్పులతో గుమిగూడగా చెప్పుచున్నాను. ఒక పెద్దమనిషి, "ముందు ఏది తినింది, చెయ్యా, కాలా?" అని అడిగినాడు. తెలియదన్నాను. "తోడబుట్టినదానివి, ఆ మాత్రం తెలియదా?" అన్నాడు. సాయంత్రం డెల్‌బర్ట్ గారు నన్ను పిలిచి, "మొన్న గొంతు బాగా వణికింది, జనం ఏడ్చారు. ఇవాళ కాస్త తగ్గింది, చూసుకో ఊలీపా" అన్నారు. మెత్తగానే అన్నారు. ఆయన చెడ్డవాడైనా బాగుండేది, నోరారా తిట్టి పోయేదాన్ని.

4. అసలు సంగతి ఇది. తమరు దక్షిణాదివారు గనుక మా వాడుక విన్నవించుకొందును. మాలో పోయినవారి పేరు పుట్టిన బిడ్డకు పెడతారు. పేరుతోబాటు ఆ మనిషీ వచ్చేస్తాడు. మా చెల్లెలు గీలాకు ఆడపిల్ల పుడితే ఇనూసిక్ అనే పెట్టుకున్నాము. ఆ పిల్ల ఇప్పుడు ఒకటో తరగతి. నేను దానిని తమ్ముడూ అంటాను, అది నన్ను అక్కా అంటుంది. మా అమ్మ దానిని నాయనా అని పిలిచి, సీలు మాంసంలో వాడికి తీసిపెట్టిన ముక్కే దానికీ తీసిపెడుతుంది. కొడుకు పోయాడని మా అమ్మ ఏనాడూ అనలేదు. ఈ బొమ్మ వచ్చేవరకు ఎవరమూ అనుకోలేదు.

బడిపిల్లలను తెచ్చి ఎలుగును చూపుటయు నా విధియే. తెచ్చాను. పిల్లలు ఊరుకుంటారా?

"ఏయ్ ఇనూసిక్, నిన్ను తిన్నది ఇదేనంట."

"చప్పగా ఉన్నావని సగం వదిలేసిందంట."

అందరూ నవ్వారు. మా పిల్లా నవ్వింది. తరువాత నా చెయ్యి పట్టుకొని మెల్లగా అడిగింది. "అక్కా, నేనింకా దాని కడుపులోనే ఉన్నానా?"

"లేవు తమ్ముడూ. ఇదిగో, నా పక్కనే ఉన్నావుగా."

"ఇక్కడున్నది సగమేమో."

ఆనాటి నుండి పిల్ల సరిగా ముద్ద ముట్టడం లేదు. ఏది పెట్టినా, "నాకొద్దు, లోపలున్నవాడికి పెట్టండి" అంటుంది. ఎముకలు తేలాయి. ఇంకొంచెం తగ్గితే విమానం ఎక్కించి దక్షిణాది ఆసుపత్రికి పంపక తప్పదని మా నర్సు చెప్పినది.

5. ఈ సంగతి డెల్‌బర్ట్ గారికి విన్నవించుకొనగా ఆయన కళ్లు తుడుచుకొని, "ఎంత గొప్ప కథ. రేపటి నుంచి పిల్లను కూడా పక్కన నిలబెడదాం" అన్నారు.

కావున తమరు దయతలచి సదరు ఎలుగును వచ్చే ఓడకే వెనక్కు పంపించవలెను. అందాకా దాని మీద పరదా కప్పుకొనుటకు అనుమతి ఇవ్వవలెను. పిల్ల ప్రాణం మీది మాట గనుక త్వరగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఊలీపా

తా.క.: అర్జీ కవరులో పెట్టబోతుండగా మా అమ్మ పిల్లను వెంటబెట్టుకొని మందిరానికి వచ్చింది. చేతిలో తోళ్లు కోసే కత్తి. నేను అడ్డుపడలేదు. ఎలుగు పొట్టను నిలువునా చీల్చి, రెండు చేతులతో తెరిచి పట్టుకొని, "చూడు నాయనా, బాగా చూడు. ఇందులో నువ్వు లేవు" అన్నది. లోపల పసుపురంగు స్పాంజి, ఇనుప తీగ. పిల్ల తల లోపలికి పెట్టి చాలాసేపు వెతికింది. బయటికి వచ్చి మా అమ్మ మొహంలోకి చూసింది.

"మరి నన్నెక్కడ పారేశారమ్మా?"

అయ్యా, ఎలుగును మీరు తీయకపోయినా సరే. ఆనాడు దాన్ని కోసింది మీవాళ్లే కదా. కడుపులో దొరికింది ఎక్కడ పెట్టారో ఆ ఒక్కటీ చెప్పండి. పిల్ల ఆ స్పాంజి ముందే కూర్చుంది, ఇంటికి రానంటోంది.