మూలలు పోయిన నట్టు

కింది వాటా అమ్మాయికి,
నివాసుల సంఘం కార్యదర్శి తెలియజేయునది.

గేటుకు వెళ్లే దారిలో మీ కారు జాకీ మీద ఒక కాలెత్తుకుని నిలబడి ఉంది. దాని వెనక మా కారు ఇరుక్కుంది. అది మా అల్లుడు కొనిచ్చిన కొత్త కారు. ఆదివారం మా ఆవిడను వాళ్ల అక్కగారింటికి నేనే స్వయంగా నడిపి తీసుకువెళ్తానని మాటిచ్చాను. కనుక ఆదివారంలోగా మీ కారు కదలాలి. కదలకపోతే మీ ఇంటి యజమానికి రాసి గది ఖాళీ చేయించవలసి వస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. ఈ ఉత్తరం మా ఆవిడ పక్కన కూర్చుని ఉండగా రాసినది.

*

కార్యదర్శిగారికి నమస్కారాలు.

పొద్దున మెట్ల మీద మీరు "ఏమ్మా, చదివావా? ఏమంటావు?" అని అడిగారు. నేను తలూపి వెళ్లిపోయాను. మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట పెగలదు. ఆ ప్రశ్నకు జవాబు ఇది.

ముందు చక్రం పంక్చరయింది. నట్లన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. నేను పట్టిన పానా ఒక సైజు పెద్దది. పానా తిరిగింది. నట్టు తిరగలేదు. దాని ఆరు మూలలూ అరిగి గోలీకాయలా అయింది. ఇప్పుడు ఏ పానా పెట్టినా జారిపోతోంది.

గది గురించి మాత్రం రాయకండి. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ దుప్పటి కింద చదువుకున్నాను. తలుపేసుకుని చదువుకోవడానికి నాకు దొరికిన మొదటి చోటు ఇదే. ఆదివారంలోగా ఎలాగైనా తీస్తాను.

ఇట్లు,
కింది వాటా అమ్మాయి

తా.క. మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఆయన "హలో" అనగానే పెట్టేశాను.

*

కింది వాటా అమ్మాయికి,
కార్యదర్శి రాయునది.

నిన్న సాయంత్రం మీ నట్టును స్వయంగా పరిశీలించాను. చాలా మంచి నట్టు. ఈ రోజుల్లో ఇంత గట్టివి రావడం లేదు. ఇటువంటివాటి దగ్గర తొందర పనికిరాదు. కిరసనాయిలు పోసి నాననివ్వండి. సోమవారం దాకా నానితే మరీ మంచిది. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరికే అనలేదు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. మెకానిక్ జోలికి పోవద్దు. వాళ్లు వెంటనే తీసేస్తారు.

*

కార్యదర్శిగారికి నమస్కారాలు.

ఆదివారం గడువు పెట్టిన మనిషి "సోమవారం దాకా" అంటే అందులోని వెటకారం అర్థం చేసుకోగలను. సిగ్గుపడ్డాను. వెంటనే గ్రంథాలయం నుంచి వాహనాల మరమ్మతు పుస్తకం తెచ్చాను. చక్రాన్ని జాకీ మీద లేపకముందే నట్లు వదులు చేయాలని అందులో ఉంది. నేను లేపాక చదివాను. దించాను. మొండి నట్ల మీద వేరే అధ్యాయమే ఉంది. "మొదట ధైర్యం తెచ్చుకోండి" అని మొదలవుతుంది. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

పాత ఇనుప సామాన్ల కొట్టులో వేలితో చూపించి ఒక సుత్తి, చిన్న సైజు గొట్టపు పానా కొన్నాను.

రోజూ సాయంత్రం మీరు కుర్చీ వేసుకుని నా పక్కన కూర్చుంటున్నారు. "మెల్లిగా తల్లీ, మెల్లిగా! అదేమన్నా పారిపోతుందా? పోయి టీ తాగి రా" అంటున్నారు. ప్రతి మాటా చురకేనని తెలుస్తూనే ఉంది. నావల్ల పాపం పిన్నిగారు ఒక్కరే నడకకు వెళ్లాల్సి వస్తోంది. క్షమించమని చెప్పండి.

ఇట్లు,
కింది వాటా అమ్మాయి

తా.క. నిన్న కనపడకుండా పోయిన సుత్తి దొరికింది. మీరు చూసుకోకుండా దానిమీదే కూర్చున్నట్టున్నారు.

*

అమ్మాయికి,
కార్యదర్శి ఆశీస్సులు.

నాది వెటకారం కాదు. నిజంగానే ఆగమంటున్నాను. సుత్తితో కొడితే చప్పుడవుతుంది. శని, ఆదివారాల్లో ఆవరణలో చప్పుడు చేయరాదని సంఘం నిన్ననే తీర్మానించింది. సమావేశానికి నేనొక్కడినే హాజరయ్యాను కనుక తీర్మానం ఏకగ్రీవం.

గది సంగతి మనసులో పెట్టుకోకండి. మీరు ఎన్నాళ్లయినా ఉండవచ్చు. మీ నట్టు కూడా.

ఇట్లు,
మీ మేలు కోరే కార్యదర్శి

తా.క. ఆ పుస్తకం గ్రంథాలయానికి తిరిగిచ్చేయండి. వేరేవాళ్లకు పనికొస్తుంది.

*

కార్యదర్శిగారికి నమస్కారాలు.

"మీ నట్టు కూడా" అన్న మాట దగ్గర ఏడుపొచ్చింది. గది ఖాళీ చేయమని ఇంత మర్యాదగా ఎవరూ చెప్పి ఉండరు. పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో సర్దేశాను. చివరి పెట్టె కట్టేసరికి కోపం వచ్చింది. నాకు కోపం రావడం కొత్త. అది చల్లారకముందే కిందికి దిగాను.

తీర్మానం గుర్తుంది కనుక సుత్తికి పాత తువ్వాలు చుట్టాను. చిన్న సైజు పానాను నట్టు మీద పెట్టి, అది బిగుసుకునేదాకా కొట్టాను. పిడికి ఇనుప గొట్టం తొడిగి, దానిమీద ఎక్కి నిలబడ్డాను. కిర్రుమని ఒక అరుపు వినిపించింది. అది నట్టుది. మీ బాల్కనీలోంచి రెండోది వినిపించింది. అది ఎవరిదో తెలియదు.

మళ్లీ జాకీ మీద లేపి స్టెప్నీ వేసి, ఒక నట్టు తక్కువగానే బిగించి, కారును మెల్లిగా వీధిలో పెట్టాను. మీకు దారి ఖాళీ. రేపు మీరు మాట నిలబెట్టుకోవచ్చు. గది గురించి ఇక మీ దయ.

ఇట్లు,
కింది వాటా అమ్మాయి

తా.క. మెకానిక్‌కి ఫోన్ చేసి "వచ్చేసిందండీ" అన్నాను. ఆయన "ఏంటమ్మా వచ్చింది?" అన్నారు. అప్పుడు పెట్టేశాను.

*

అమ్మాయీ,
పై వాటా పిన్ని రాస్తున్నాను. ముందు పెట్టెలు విప్పి పుస్తకాలు సర్దుకో. నిన్నెవరూ పంపడం లేదు.

మీ కార్యదర్శిగారు నీ ఉత్తరం చదివి మంచమెక్కారు.

"దారి ఖాళీ అయిందటగా, రేపు బయల్దేరదామా?" అన్నాను.

"నడుం పట్టేసిందే."

"ఎప్పుడు?"

"ఇదిగో, ఇప్పుడే."

ఆయనకు కారు నడపడం రాదమ్మా. ఉద్యోగంలో ఉండగా జీపు నడిపేవాణ్ణని పెళ్లయినప్పటి నుంచీ చెబుతున్నారు. జీపు నడిపింది డ్రైవరు. ఈయన పక్కన కూర్చుని హారన్ కొట్టమని చెప్పేవారు. ఆ సంగతి నాకా డ్రైవరే ఎప్పుడో చెప్పాడు. మగవాడి పరువు కదా, నోరు కుట్టేసుకున్నాను.

నేను వెళ్తున్నది నడకకు కాదు, డ్రైవింగ్ స్కూలుకి. ఈయన ఇంట్లో ఉంటే నన్నొక్కదాన్నే గడప దాటనిస్తారా? ఆయన నీ నట్టుకు కాపలా కాసినంతసేపూ నేను క్లచ్చు, గేరు నేర్చుకున్నాను. రేపు నేనే నడుపుతానని ఇందాక చెప్పేశాను. కాసేపు గోడవైపు తిరిగి పడుకున్నారు. తర్వాత, కార్యదర్శి హోదాకు వెనక సీటే తగినదని ఒప్పుకున్నారు. నడుం పట్టు కూడా వదిలేసింది.

ఒక్కటే చిక్కు. రివర్సు పాఠం సోమవారం. మన గేటులోంచి కారు వెనక్కే తీయాలి. అది నువ్వు తీసి పెట్టాలి. మాట్లాడక్కర్లేదు. తాళంచెవి నీ తలుపు కింద నుంచి తోస్తాను.

ఇట్లు,
పిన్ని

తా.క. అక్కయ్యవాళ్ల వాకిట్లోంచి కూడా వెనక్కే రావాలి. కాబట్టి నువ్వూ మాతో వస్తున్నావు. పుస్తకం తెచ్చుకో.