బావకు వేసిన హ్యాండిల్

అక్కా,

బావ ప్రాణం తీసింది ఆయన దూకుడేనని అందరూ అంటుంటే నేనూ తలూపాను. అది అబద్ధం.

నడుం నొప్పంటే, ఆ రేసు బండి హ్యాండిల్ కింద దిమ్మలు వేసి ఎత్తు చేసింది నేనే. "ఇక వంగక్కర్లేదురా బామ్మర్దీ!" అని మురిసిపోయాడు. ఎత్తు పెంచితే యాక్సిలరేటర్ కేబులూ పొడవుది వెయ్యాలి. నేను పాతదే ఉంచేశాను. హ్యాండిల్ నేరుగా పెట్టి చూశానే గాని, చివరిదాకా తిప్పి చూడలేదు. మలుపులో ఆ కేబుల్ బిగుసుకుని యాక్సిలరేటర్‌ను లాగేసింది, బండి దానంతటదే లారీ మీదికి దూకింది. నిన్న దాన్ని స్టేషన్ నుంచి తెచ్చి నీ వాకిట్లో పెడుతూ హ్యాండిల్ తిప్పినప్పుడు తెలిసింది.

స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్ పూర్తిగా తిప్పు. ఇంజిన్ దానంతటదే అరుస్తుంది. పాపకు కూడా వినిపించు. వాళ్ల నాన్న తప్పేమీ లేదని తెలియాలి.

నీ తమ్ముణ్ణని రాసుకునే ముఖం లేదు.

ఇట్లు,
ఆ హ్యాండిల్ బిగించినవాడు